లైన్ టీచరుగారు

ఆ రోజు నేను చెప్పవలసింది ఒకే ఒక్క వాక్యం. "ఈ పుస్తకంలోని పని నాది కాదు, రేపల్లెలో ఉండే ఒక టీచరుగారిది" అనాలి. నా పుస్తకం ఆవిష్కరణ సభ, చేతిలో మైకు ఉంది. మూడో వరసలో ఆమె కూర్చుని ఉన్నారు. తెనాలిలో ఒక లైబ్రరీ మేడ మీది హాలు అది. ఆమె కనబడలేదని చెప్పుకోవడానికి వీల్లేనంత చిన్నది. అధ్యక్షులవారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంత చక్కని ఆలోచన మీకెలా వచ్చిందండీ?" అని అడిగారు. "రైల్లో తిరుగుతుంటే తట్టిందండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టారు.

ఇది జరిగి పద్దెనిమిదేళ్ళయింది. నేను తెనాలిలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పుతాను. బోర్డు మీద నా పేరు కింద ‘రచయిత’ అని కూడా రాయించుకున్నాను. ఆ రచన సంగతి అసలేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆమె పేరు ఇందులో కూడా ఉండదు. ఈసారి దాచడం కాదు. ఈమధ్య అడిగితే వద్దన్నారు. ఆమె మాట ఒకసారి దాటాను, రెండోసారి దాటలేను.

డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇంటర్వ్యూల చుట్టూ తిరిగాను. తెలుగులో ఎదుటివాడికి సందివ్వకుండా మాట్లాడేవాణ్ణి, ఇంగ్లీషులో నా గురించి చెప్పమంటే నోరు ఎండిపోయేది. రేపల్లెలో ఉన్న మా మేనత్త ఒకరోజు, "చర్చి వెనక వీధిలో ఒక టీచరమ్మ ఉందిరా. స్కూల్లో చేసి రిటైరైంది. ఇంగ్లీషు బాగా చెబుతుందంట. కొంచెం తిక్క మనిషి, ఓర్చుకో" అంది. ఆ శనివారం తెనాలిలో పాసింజరెక్కి వెళ్ళాను.

ఆమె వరండాలో చాప మీద కూర్చుని పాత శుభలేఖలు కత్తిరిస్తున్నారు. అచ్చు లేని వెనక భాగాన్ని చీట్ల పేక ముక్కలంత చేసి ఒకవైపు పేరుస్తున్నారు. పొట్టి మనిషి. సన్నంచు వాయిల్ చీర. జుట్టు ముడిలో పువ్వు ఉండవలసిన చోట పెన్సిలు ఉంది.

"వందనాలండి" అన్నాను, మేనత్త చెప్పి పంపినట్టు.

"వందనాలు. ఏ బండికొచ్చావు నాయనా?"

"పొద్దున పాసింజరుకండి."

"అందులో ఎవరన్నా లైన్ అన్నారా?"

"ఏంటండీ?"

"లైన్ అన్న మాట. ఎవరన్నా వాడారా అని."

బుర్ర గోక్కున్నాను. "వేమూరులో బండి చాలాసేపు ఆగిపోయిందండి. పక్కనాయన ‘ఇంకా లైన్ క్లియర్ ఇవ్వలేదు’ అన్నాడండి."

ఆమె వెంటనే ఒక ముక్క తీసుకుని, జుట్టులోంచి పెన్సిలు లాగారు. "ఆయన పేరేంటి?"

"తెలీదండి."

"అడగలేదా?"

"నేనెందుకు అడుగుతానండీ?"

పెన్సిలు మళ్ళీ జుట్టులోకి వెళ్ళింది. "మాట పట్టుకొచ్చి మనిషిని బండిలో వదిలేశావు. వచ్చే శనివారం ఇద్దర్నీ తీసుకురా" అన్నారు. ఆ రోజుకి నా క్లాసు అంతే. తిరుగు బండిలో మేనత్త మాట నిజమేననుకున్నాను.

ఆమె పద్ధతి నాకు అర్థం కావడానికి నెల పట్టింది. ఒక మాట తీసుకుంటారు. దాని అర్థం చెప్పరు. ఎవరైనా ఆ మాట వాడినప్పుడు విని, వాక్యం వాక్యంగా తీసుకురావాలి. ఆ వాక్యం కార్డు మీద రాస్తారు. కింద కుడివైపు మూల, అన్నవాళ్ళ పేరు, పని, ఊరు. పేరు లేని వాక్యాన్ని పెట్టుకునేవారు కాదు, ఎంత చక్కని వాక్యమైనా సరే. "అర్థం మాటలో ఉండదు నాయనా, అన్న మనిషి ఎందుకన్నాడో అందులో ఉంటుంది. మనిషిని తీసేస్తే మనకి మిగిలేది అక్షరాలే" అనేవారు. ఎవరైనా మాట్లాడుతుంటే చేతిలో టీ కప్పు కింద పెట్టేసేవారు. ఆమె పూర్తిగా వేడి టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు.

ఇన్ని మాటలుండగా లైన్ వెంట ఎందుకు పడ్డారంటే, స్కూల్లో పని చేసేటప్పుడు ఒక రోజు ‘లైన్ అంటే గీత’ అని పిల్లల చేత రాయించారట. ఒక పిల్ల లేచి, "మా నాన్న లైన్ మీద పనికెళ్తాడు టీచర్. గీత మీద ఏం పనుంటుంది?" అందట. క్లాసంతా నవ్వింది. ఆమెకి నవ్వు రాలేదు. సాయంత్రం ఆ పిల్ల వెంట వాళ్ళింటికి వెళ్ళారు. తండ్రి ఏసోబు రైల్వే గ్యాంగ్‌మాన్. పట్టాల మధ్య కంకర సర్ది, బోల్టులు బిగించి, మైళ్ళకొద్దీ నడిచే పని. టీచరమ్మ ఇంటికొచ్చేసరికి పిల్లేదో తప్పు చేసిందనుకుని నిలబడే ఉన్నాడట. "నీ కూతురు నాకొక తప్పు చూపించింది ఏసోబూ. లైన్ గురించి చెప్పు" అన్నారట ఆమె. అతను గంటసేపు చెప్పాడు. మొదటి కార్డు అతనిదే. ‘ఎండాకాలం లైన్ మీద చెప్పులు కూడా మెత్తబడతాయి. అయినా లైన్ వదిలి పోలేం. ఏసోబు, గ్యాంగ్‌మాన్, భట్టిప్రోలు.’

తర్వాత ఆమె ఆగలేదు. ‘లైన్ తీశాం, గంట ఆగండి’ అన్న కరెంటాయన ఉన్నాడు. ‘లైన్లో రాకపోతే బియ్యం లేవు’ అన్న రేషన్ షాపాయన, ‘మా ఆయన లైన్ మీదున్నాడు, వారానికి గాని రాడు’ అన్న లారీ డ్రైవరు భార్య, ‘రెండో లైన్ మళ్ళీ పాడదాం’ అన్న పాస్టరుగారు, ‘వాడు ఆ అమ్మాయికి లైనేస్తున్నాడు’ అన్న కాలేజీ కుర్రాడు, ‘కొడుకు ఇప్పుడిప్పుడే లైన్లో పడ్డాడు’ అని సంబరపడిన ఒక తల్లి, అందరూ ఉన్నారు. ఫలానా ఆయన ‘ఏ లైన్లో ఉన్నారు?’ అంటే ఏం వ్యాపారమని అడగడం. ఫోన్లో ‘లైన్లో ఉండండి’ అంటే కదలకుండా ఉండమనడం.

ఈ కార్డులకి రెండు రేకు డబ్బాలు ఉండేవి, బిస్కెట్లవి. ఒకదాని మీద ‘వాళ్ళది’, ఇంకోదాని మీద ‘మనది’ అని రాసుకున్నారు. ఇంగ్లీషువాళ్ళకి కూడా తెలిసే వాడుకలు మొదటి దాంట్లోకి. మన దగ్గరే పుట్టినవి రెండో దాంట్లోకి. ‘డ్రాప్ మి ఎ లైన్’ అంటే ఉత్తరం ముక్క రాయమని అర్థమని నాకు ఆమె చెప్పిందే. అది వాళ్ళ డబ్బాలోది. లైనేయడం మన డబ్బాలోది.

"అంటే అది తప్పు ఇంగ్లీషాండీ?" అని అడిగాను ఒకసారి.

"తప్పెందుకవుతుంది? తెనాలిలో వాడు అలా అంటే ఆ పిల్ల అన్నకి వెంటనే అర్థమై కర్ర తీసుకొస్తాడా లేదా?"

"తెస్తాడండి."

"మరి ఇంకేం కావాలి ఒక మాటకి? కాకపోతే ఊరు దాటితే నడవదు. ఎక్కడ నడుస్తుందో తెలిసి వాడు, అంతే."

నాకు ఇంగ్లీషు భయం పోయింది ఆ వరండాలోనే. అప్పటిదాకా ఇంగ్లీషంటే నన్ను పట్టుకోవడానికి ఎవరో పన్నిన వల అనుకునేవాణ్ణి. నేను పుట్టినప్పటి నుంచీ ఇన్ని ఇంగ్లీషు మాటలతో బతుకుతున్నానని, అవి నాకు భయపడకుండానే వచ్చాయని ఆమె చూపించారు.

ఒకసారి ఆమెతో కలిసి రేపల్లె నుంచి తెనాలి బండిలో వచ్చాను. ఎదుటి సీట్లో మందుల కంపెనీ కుర్రాడు, ఒళ్ళో నల్ల బ్యాగు. గుమ్మం దగ్గర చేపలమ్మే కోటమ్మ ఖాళీ గంప బోర్లించుకుని కూర్చుంది. కుర్రాడు ఫోన్లో, "రేపల్లె లైన్ అయిపోయిందండి, రేపు బాపట్ల లైన్" అన్నాడు. టీచరుగారు ముందుకి వంగారు.

"బాబూ, మీ పేరేంటి?"

అతను బ్యాగు దగ్గరికి లాక్కున్నాడు. "ఎందుకండీ?"

"మీరిప్పుడు లైన్ అన్నారు. రాసుకుంటాను."

"నేనేమీ తప్పుగా అనలేదు మేడమ్! మా మేనేజరుతో మాట్లాడుతున్నానండి."

గుమ్మం దగ్గర్నుంచి కోటమ్మ పెద్దగా నవ్వింది. "భయపడమాక బాబూ. నేను రొయ్యలేరినట్టు ఈ టీచరమ్మ మాటలేరుద్ది. నాదీ ఒకటి తీసుకుంది. పేరు చెప్పు, నీ సొమ్మేం పోద్ది?"

"శ్రీను అండి" అన్నాడు అతను. కార్డు మీద రాస్తుంటే తొంగి చూసి, "శ్రీను వద్దులెండి, శ్రీనివాస్ అని రాయండి" అన్నాడు.

"బాపట్ల లైన్ అంటే రైలు పట్టాలా బాబూ?"

"కాదండి. నేను బైకు మీద కూడా వెళ్తాను. ఏ రోజు ఏ షాపులు తిరగాలో, అది లైన్ అండి."

ఆమె ముఖం ఎంత వెలిగిపోయిందంటే, అతను ఉత్సాహం వచ్చి తెనాలి దాకా తన కంపెనీలో వాడే మాటలన్నీ చెప్పాడు. ప్లాట్‌ఫారం మీద దిగి, "నా పేరు నిజంగా ఉంచుతారాండి?" అని మళ్ళీ అడిగాడు. ఆ ప్రశ్నని నేను అప్పుడు పట్టించుకోలేదు.

మరుసటి నెల గుంటూరులో ఒక ప్రైవేటు స్కూలు ఇంటర్వ్యూకి వెళ్ళాను. మీ గురించి చెప్పమన్నారు. వెంటనే కోటమ్మ గుర్తొచ్చింది. ‘ఈ లైన్లో చేపలు తెచ్చేది నేనొక్కదాన్నే’ అన్న ఆమె కార్డుని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో టీచరుగారి దగ్గర ఎన్నిసార్లు తంటాలు పడ్డానో చెప్పాను. చెబుతూ నవ్వాను. వాళ్ళూ నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

పుస్తకం వేద్దామన్నది నేనే. ఆమె ఒప్పుకోవడానికి చాలా రోజులు తీసుకున్నారు. ఒప్పుకున్నాక రెండు డబ్బాలూ నా చేతిలో పెట్టి, "నా పేరు అక్కర్లేదు. కార్డు మీద రాసినవాళ్ళ పేరు ఉండదు కదా, అన్నవాళ్ళదే ఉంటుంది. వాళ్ళ పేర్లు మాత్రం ఒక్కటి కూడా పోకూడదు" అన్నారు.

"పోవండి" అన్నాను.

ఆమె ఆ మాట నమ్మి వీధి వీధీ తిరిగారు. మీ పేరు పుస్తకంలో వస్తోందని కరెంటాయనకి, రేషన్ షాపాయనకి, కోటమ్మకి చెప్పారు. ఏసోబు తన పక్కింటి వాళ్ళకీ, చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు.

తెనాలిలో ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. ప్రతి వాక్యం కిందా పేరు, పని, ఊరు. చేపలమ్మే కోటమ్మ, గ్యాంగ్‌మాన్ ఏసోబు, రిక్షా స్టాండు దగ్గర టీ కొట్టు సుబ్బులు. కార్డుల మీద చూసినప్పుడు ముద్దొచ్చిన పేర్లు అచ్చులో చూసేసరికి నాకు చిన్నతనంగా అనిపించాయి. ఇంగ్లీషు పుస్తకం అంటే ఎవరో ప్రొఫెసరు రాసినట్టు ఉండాలి గాని, గంపలూ గునపాలూ కనబడతాయేంటనిపించింది. తీసేయమని ఎవరూ అనలేదు. ప్రెస్సువాళ్ళకి పట్టలేదు. ఎర్ర పెన్ను తీసుకుని, ఒక మధ్యాహ్నం కూర్చుని నేనే కొట్టేశాను. ఎక్కడైనా పేరు తప్పనిసరైతే రాము అనీ సోము అనీ రాశాను. ముందుమాటలో మా అమ్మానాన్నలకీ, ప్రెస్సులో అక్షరాలు కూర్చిన అబ్బాయికీ కృతజ్ఞతలు చెప్పాను. టీచరుగారు తన పేరు వద్దన్నారు కదా అని ఆ మాటని అడ్డం పెట్టుకున్నాను.

సభకి ఆమె ఏసోబుని వెంటబెట్టుకుని వచ్చారు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న తెల్లచొక్కా, తడిపి దువ్విన జుట్టు. అందరూ మాట్లాడటం అయిపోయాక, నేను మెట్ల దగ్గర సంతకాలు పెడుతుంటే పక్కగా నిలబడి పుస్తకం తిరగేశాడు. కూడబలుక్కుని చదవగలడు. వేలు తడిచేసుకుని ఒక్కో పేజీ తిప్పుతూ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"అచ్చుతప్పులు లేవు నాయనా. బాగుంది" అన్నారు టీచరుగారు. తర్వాత, "ఏసోబు పేజీ ఏది?"

"పేర్లు... తర్వాతి ముద్రణలో వేద్దామనుకున్నానండి."

ఆమె నా ముఖంలోకి చూశారు. అంతసేపు ఆమె ఎవరినీ చూడగా నేను ఎరగను. ఏసోబు పుస్తకం మూసి, అట్ట మీద చేత్తో ఒకసారి తుడిచి, నా బల్ల మీద పెట్టేశాడు. "పర్లేదు లెండి బాబుగారూ" అన్నాడు.

"రేపల్లె బండికి వేళయింది, పద ఏసోబూ" అన్నారు ఆమె. గొడుగు చంకలో పెట్టుకుని మెట్లు దిగారు.

ఆ తర్వాత నేను రేపల్లె వెళ్ళలేదు. డబ్బాలు వెనక్కి ఇవ్వలేదు, ఆమె అడగలేదు. పుస్తకం బాగా నడిచింది. దాని మీదే నా కోచింగ్ పెరిగింది. ఇంతటితో ఆగినా కొంత మేలు. క్లాసులో పిల్లలు కునికిపాట్లు పడితే వాళ్ళని నవ్వించడానికి నా దగ్గర ఒక కథ ఉండేది. "రేపల్లెలో ఒక లైన్ టీచరుగారుండేది. ఒక్క మాట మీద ఏళ్ళ తరబడి కూర్చుంది. రెండో మాటకి వచ్చేసరికి పిల్లలకి పెళ్ళిళ్ళయిపోయాయి" అనేవాణ్ణి. ఎప్పుడు చెప్పినా నవ్వేవాళ్ళు. పదిహేడేళ్ళు చెప్పాను.

కిందటేడు వానాకాలం బ్యాచిలో రూతు అనే నర్సు చేరింది. ముప్పై దాటిన అమ్మాయి, తెనాలిలోనే ఒక ఆసుపత్రిలో పని. లైన్ మాటతో ఐదు వాక్యాలు రాసుకు రమ్మని ఎప్పటిలాగే అందరికీ చెప్పాను. రూతు నోటుపుస్తకం తెరిచేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ప్రతి వాక్యం కింద కుడివైపు మూల ఒక పేరు, ఒక పని, ఒక ఊరు. మొదటి వాక్యం, ‘పెద్దాయన చెయ్యంతా వాచిపోయింది, ఇంకో చేతికి లైన్ పెట్టు.’ అన్నది వాళ్ళ హెడ్ నర్సు. సెలైను ఎక్కించడానికి నరంలోకి పెట్టే గొట్టాన్ని వాళ్ళు లైన్ అంటారట. ఆ వాడుక నా పుస్తకంలో లేదు. డబ్బాల్లోనూ లేదు.

"ఇలా పేరు రాయడం ఎవరు నేర్పారమ్మా?"

"మా టీచరుగారండి. రేపల్లెలో ఉండేవారు. ఇప్పుడు బాపట్లలో వాళ్ళ చెల్లెలి కూతురి దగ్గరుంటున్నారండి." రూతు కాస్త ఆగి, "మా నాన్న పేరు కూడా ఒక పుస్తకంలో ఉందండి సార్. ఏసోబు అని, గ్యాంగ్‌మాన్ చేశాడు. పేరుందని చెబుతాడు గాని పుస్తకం చూపించడు. ఎప్పుడడిగినా కాపీలు అయిపోయినయ్యంటాడు. మేం తెనాలంతా వెదికామండి. మీకేమన్నా తెలుసా సార్?" అంది.

ఆ పుస్తకం ఆమె చేతిలోనే ఉంది. మా క్లాసులో అందరికీ ఇచ్చేది అదే. తెలియక అడిగిందో, తెలిసే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"తెలీదమ్మా" అన్నాను.

ఇంటికి వెళ్ళి అటక మీది డబ్బాలు దించాను. కార్డులన్నీ ఉన్నాయి. కొన్నింటి అంచులు పురుగు తిన్నది గాని పేర్లు చెరగలేదు. ఏసోబు కార్డు అన్నింటికన్నా కింద ఉంది. అతను ఇంటికి వెళ్ళి పేరుందని చెప్పాడు. టీచరమ్మ మాట పోకూడదని చెప్పాడో, తన పరువు కోసమే చెప్పాడో, నా తప్పుని ఇన్నేళ్ళు అతను దాచాడు. ఆ ఆదివారం అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. మా ఆవిడ, "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అంది. ఉన్నదంతా చెప్పాను. ఆమె నా కంచం మీద మూత పెట్టింది. "ఆ టీచరమ్మ కథ నాక్కూడా చెప్పి నవ్వించారు కదండీ" అంది చివరికి.

మర్నాడు క్లాసులో అందరి ముందూ రూతుకి నిజం చెప్పాను. ఆ అమ్మాయి పుస్తకం మూసి, "మా నాన్నకి మీరే చెప్పండి సార్" అంది. కోపంగా అనలేదు. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పినట్టు అంది.

పాత పాసింజరులోనే భట్టిప్రోలు వెళ్ళాను. ఏసోబు గారికి ఒక కన్ను సరిగా కనబడటం లేదు. నేను చెప్పింది మొత్తం విని, "టీచరమ్మగారికి చెప్పారా?" అని అడిగారు.

"ఇంకా లేదండి. ముందు మీ దగ్గరికి వచ్చాను."

"ఆమెకి చెప్పండి బాబుగారూ. ఆ రోజు బండిలో భట్టిప్రోలు దాకా ఆవిడ నోరు విప్పలేదు. అక్కడ నా చెయ్యి పట్టుకుని, నన్ను క్షమించు ఏసోబూ అంది. అంత పెద్దావిడ. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడేం చేసిందండీ నన్ను క్షమాపణ అడగడానికి?"

కొత్త ముద్రణకి పేజీలు తయారవుతున్నాయని, అందరి పేర్లూ ఉంటాయని చెప్పాను. ఆయన ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. "అయితే ఇంటిపేరుతో సహా వెయ్యండి. మా వీధిలో ఏసోబులు ముగ్గురున్నారు" అన్నారు. రూతు చెప్పిన హెడ్ నర్సు వాక్యం కూడా చేరుస్తున్నామంటే, "మా పిల్ల పేరు కూడా పడుద్దా?" అని నవ్వారు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

బాపట్ల వెళ్ళింది ఆ తర్వాతి శనివారం. బండిలో కూర్చుని ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. ‘నా వల్ల జరిగిన పొరపాటుకు మనస్ఫూర్తిగా చింతిస్తున్నాను’ అని మొదలుపెట్టాను. చాలా బాగా కుదిరిందనిపించింది.

ఇరుకు వీధి. ఇళ్ళ గుమ్మాలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒక మూల ఇస్త్రీ బండి, ఎదురింటి అరుగు మీద ఒకావిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది. టీచరుగారు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. ముడి లేదు, జుట్టు పొట్టిగా కత్తిరించారు. నన్ను చూసి కళ్ళు చికిలించి, "తెనాలి అబ్బాయివి కదూ! కూర్చో" అన్నారు. ఆ గొంతులో ఏ తేడా లేదు.

నేను వంగి, మెల్లిగా, కాగితంలో రాసుకున్నట్టే చెప్పాను. ఆమె నా పెదవుల వంక చూస్తూ ఉండిపోయారు.

లోపల్నుంచి చెల్లెలి కూతురు మంచినీళ్ళు తెచ్చింది. "అలా చెబితే వినబడదండి. చెవులు పోయి మూడేళ్ళయింది. మెషీను పెట్టుకోమంటే పెట్టుకోరు. బాగా గట్టిగా చెప్పాలి."

"ఏంటి నాయనా?" అన్నారు టీచరుగారు. "ఏదో అన్నావు. వినబడలా."

కాస్త గొంతు పెంచి మళ్ళీ చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపారు. చుట్టూ చూశాను. ఎదురింటావిడ చేట ఒళ్ళో పెట్టుకుని మావైపే చూస్తోంది. ఇస్త్రీ అతను పెట్టె పైకెత్తి పట్టుకుని ఆగాడు.

"ఎవరమ్మా ఆయన? ఏం చేశాడంట?" అని అక్కడ్నుంచే అడిగింది ఎదురింటావిడ.

"ఇంకా చెప్పలేదు పిన్నీ" అంది చెల్లెలి కూతురు.

మూడోసారి ‘చింతిస్తున్నాను’ అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. అది అరిచి చెప్పడానికి వీలయ్యే మాట కాదు. మెల్లిగా, ఎవరూ వినకుండా తప్పించుకుపోవడానికి పనికొచ్చే మాట. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. లేచి నిలబడ్డాను. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, వీధి వీధంతా వినబడేలా అరిచాను.

"టీచరుగారండీ! ఆ పుస్తకం నాది కాదండీ, మీదీ! స్టేజీ మీద అబద్ధం చెప్పానండి! మీరు ఎదురుగా ఉండగా చెప్పాను! పేర్లన్నీ నేనే కొట్టేశానండి, ఎవరూ కొట్టేయమనలేదు! ఏసోబు గారి పేరుంటే, కోటమ్మ గారి పేరుంటే నాకు నామోషీ అనుకున్నాను! నా తప్పుకి మీరు ఆయన్ని క్షమాపణ అడిగారంట! మిమ్మల్ని క్లాసులో వెక్కిరించి పిల్లల్ని నవ్వించానండి! తప్పు చేశాను! నన్ను క్షమించండి టీచరుగారూ!"

ఆమె తల ఊపి, "ఇప్పుడు వినబడింది నాయనా, వాళ్ళ పేర్లు వెయ్యి, నాది మాత్రం వద్దు" అన్నారు.